మధ్యప్రదేశ్ శాసనసభ ఎన్నికలు, 2018

మధ్యప్రదేశ్ పదిహేనవ శాసనసభకు 2018 నవంబరు 28న ఒకే విడతలో ఎన్నికలు జరిగాయి. ఓటర్లలో దాదాపు 75 శాతం మంది ఓటేశారు. డిసెంబరు 11 ఉదయం మొదలైన లెక్కింపు మర్నాడు తెల్లవారితే గాని తేలలేదు. 230 స్థానాల సభలో కాంగ్రెస్‌కు 114, భారతీయ జనతా పార్టీకి 109, స్వతంత్రులకు 4, బహుజన్ సమాజ్ పార్టీకి 2, సమాజ్‌వాదీ పార్టీకి 1 దక్కాయి. 2003 డిసెంబరు నుంచి పదిహేనేళ్లు సాగిన బీజేపీ పాలన, అందులో పదమూడేళ్లు ముఖ్యమంత్రిగా ఉన్న శివ్‌రాజ్ సింగ్ చౌహాన్ హయాం దీంతో ముగిశాయి.

ఓడిన పార్టీకే ఎక్కువ ఓట్లు వచ్చాయన్నది ఈ ఎన్నికలో మొదట చెప్పుకోవలసిన సంగతి. బీజేపీకి 1,56,42,980 ఓట్లు (41.02 శాతం), కాంగ్రెస్‌కు 1,55,95,153 ఓట్లు (40.89 శాతం) పడ్డాయి. తేడా 47,827. ఇది ఎంత చిన్న సంఖ్యో తెలియాలంటే బుధ్నీ నియోజకవర్గాన్ని చూడాలి. అక్కడ చౌహాన్ ఒక్కరే కాంగ్రెస్ అభ్యర్థి అరుణ్ యాదవ్ మీద 58,999 ఓట్ల మెజారిటీతో గెలిచారు. ఇండోర్-2లో బీజేపీ అభ్యర్థి రమేశ్ మెందోలా మెజారిటీ 71,011. రాష్ట్రం మొత్తం మీద రెండు పార్టీల మధ్య మిగిలిన తేడా ఈ ఒక్కో నియోజకవర్గపు మెజారిటీ కంటే తక్కువ. రాష్ట్రవ్యాప్తంగా నోటాకు పడిన ఓట్లు 5,42,295, అంటే ఆ తేడాకు పదకొండు రెట్లకు పైమాటే.

అందుకే దీన్ని ప్రభంజనం అనడానికి వీల్లేదు. రాష్ట్రంలో ఒక మూల కోపం, ఇంకో మూల నిరాశ, వేరొక మూల ప్రభుత్వం మీద చెక్కుచెదరని నమ్మకం పక్కపక్కనే ఉన్నాయి. వాటన్నిటి కూడికలు, తీసివేతలు అయ్యాక మెజారిటీకి ఏడు సీట్ల దూరంలో ప్రభుత్వం ఆగిపోయింది.

పదిహేనేళ్ల వెనక్కి

2003లో దిగ్విజయ్ సింగ్ పదేళ్ల కాంగ్రెస్ ప్రభుత్వాన్ని ఉమాభారతి నాయకత్వంలో బీజేపీ ఓడించింది. బిజిలీ, సడక్, పానీ అన్న మూడు మాటలే ఆనాటి ప్రచారం. కరెంటు కోతలతో, గుంతల రోడ్లతో విసిగిన జనం బీజేపీకి 173 సీట్లిచ్చి, కాంగ్రెస్‌ను 38కి దించారు. కర్ణాటకలోని హుబ్లీలో నమోదైన పాత కేసులో వారెంటు రావడంతో ఉమాభారతి 2004 ఆగస్టులో రాజీనామా చేశారు. తర్వాత బాబూలాల్ గౌర్ వచ్చారు. 2005 నవంబరు 29న చౌహాన్ పగ్గాలు పట్టారు.

చౌహాన్ రైతు కుటుంబం నుంచి వచ్చినవారు, మృదుభాషి, ఊరూరా తిరిగే మనిషి. ఆడపిల్ల పుడితే ఆమె పేరిట డబ్బు జమ చేసే లాడ్లీ లక్ష్మి పథకం 2007లో తెచ్చారు. పేదింటి ఆడపిల్లల సామూహిక వివాహాలు, వృద్ధుల తీర్థయాత్రలు ప్రభుత్వ ఖర్చుతో జరిపించారు. పిల్లలంతా ఆయన్ను ‘మామా’ అని పిలిచేవారు. ఆ మేనమామ చుట్టరికం ఒట్టి ప్రచారపు మాట కాదు. 2018లో ప్రభుత్వం మీద కోపం ఉన్న ఊళ్లలో కూడా ఆయన మీద వ్యక్తిగత ద్వేషం పెద్దగా లేదనడానికి ఆ 41 శాతం ఓట్లే సాక్ష్యం. 2008లో 143, 2013లో 165 సీట్లతో ఆయన పార్టీని వరసగా గెలిపించారు. 2013లో కాంగ్రెస్‌కు మిగిలినవి 58.

మచ్చలూ ఉన్నాయి. వృత్తివిద్యా ప్రవేశాలు, ఉద్యోగ నియామకాల పరీక్షల్లో జరిగిన వ్యాపం కుంభకోణం 2013లో బయటపడి దేశమంతా మారుమోగింది. ఒకరి బదులు ఒకరు పరీక్ష రాయడం, కేసుతో సంబంధం ఉన్నవారు ఒకరి తర్వాత ఒకరు చనిపోవడం యువతలో ప్రభుత్వంపై నమ్మకాన్ని దెబ్బతీశాయి. దర్యాప్తు 2015లో సీబీఐకి వెళ్లింది.

పంట పెరిగి, ధర పడి

చౌహాన్ ప్రభుత్వానికి గొప్ప పేరు తెచ్చింది వ్యవసాయమే, గొప్ప దెబ్బ కొట్టిందీ వ్యవసాయమే. ప్రభుత్వ లెక్కల ప్రకారం ఆయన హయాంలో సాగునీటి విస్తీర్ణం సుమారు 7 లక్షల హెక్టార్ల నుంచి 40 లక్షల హెక్టార్ల దాకా పెరిగింది. గోధుమ దిగుబడిలో, సేకరణలో మధ్యప్రదేశ్ పంజాబ్ పక్కన నిలబడే స్థాయికి చేరింది. కేంద్రం ఇచ్చే కృషి కర్మణ్ పురస్కారం వరసగా కొన్నేళ్లు ఆ రాష్ట్రానికి వచ్చింది.

గోధుమను ప్రభుత్వం కొనేది. సోయాబీన్, ఉల్లి, వెల్లుల్లి, మినుము, కంది పండించేవాడికి ఆ అండ లేదు. వరసగా మంచి పంటలు పండి మార్కెట్ యార్డులు నిండిపోయాయి. 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దుతో యార్డుల్లో నగదు కరువైంది. పంట ఎంత బాగా పండితే ధర అంతగా పడిపోయే పరిస్థితి. 2017 జూన్‌లో పడమటి జిల్లాల రైతులు గిట్టుబాటు ధర, రుణమాఫీ కోరుతూ పాలు, కూరగాయలు పట్టణాలకు పోకుండా ఆపారు. జూన్ 6న మంద్‌సౌర్ జిల్లా పిప్లియా మండీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారు. ఆ ఘటనల్లో ఆరుగురు రైతులు చనిపోయారు. తనను తాను రైతుబిడ్డగా చెప్పుకునే ముఖ్యమంత్రి పాలనలో రైతుల మీద తూటాలు పేలాయన్న మాట ఆ తర్వాత ఎన్నికల దాకా ఆయన్ను వెంటాడింది. చౌహాన్ భోపాల్ దసరా మైదానంలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఉల్లిని కిలో 8 రూపాయలకు ప్రభుత్వమే కొంటుందన్నారు. కొన్న ఉల్లిని దాచే గిడ్డంగులు చాలక ఎంతో సరుకు కుళ్లిపోయింది.

2017 అక్టోబరులో వచ్చిన భావాంతర్ భుగతాన్ యోజన గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే మంచి ఉద్దేశంతో పెట్టిన పథకం యార్డు గేటు దాటాక ఎలా తిరగబడుతుందో ఇది చూపిస్తుంది. పంటను ప్రభుత్వం కొనదు. రైతు యార్డులో వ్యాపారికే అమ్ముకోవాలి. మద్దతు ధరకూ, యార్డుల్లో నడిచిన నమూనా ధరకూ మధ్య తేడాను ప్రభుత్వం రైతు ఖాతాలో వేస్తుంది. ఆ ఏడు సోయాబీన్ మద్దతు ధర క్వింటాలుకు 3,050 రూపాయలు. నమూనా ధర 2,580 అని తేల్చారనుకుందాం. రైతుకు వచ్చే తేడా 470. ఇప్పుడు ట్రాక్టరు ట్రాలీ నిండా సోయాబీన్ వేసుకుని తెల్లవారుజామున యార్డుకొచ్చిన ఒక చిన్న రైతును ఊహించుకోండి. తేమ ఉందని, రాళ్లున్నాయని వేలంలో అతని సరుకు 2,200 దగ్గరే ఆగింది. 470 కలిపినా చేతికొచ్చేది 2,670. మద్దతు ధరకు ఇంకా 380 రూపాయలు తక్కువే. పైగా ప్రభుత్వం ఎలాగూ తేడా ఇస్తుంది కదా అని వ్యాపారులు వేలం పాటనే దించేశారని రైతుల ఫిర్యాదు. పథకంలో పేరు నమోదు చేసుకోనివాడికి దిగిన ధరే మిగిలింది, తేడా రాలేదు.

మరుసటి ఏడాది తెలంగాణలో వేరే దారి పట్టారు. 2018 మే నుంచి రైతుబంధు కింద ఎకరాకు పంటకు 4,000 రూపాయలు పెట్టుబడి సాయంగా, ధరతో నిమిత్తం లేకుండా, సాగుకు ముందే ఇచ్చారు. మధ్యప్రదేశ్ ఓట్లు లెక్కించిన రోజునే తెలంగాణ ఓట్లు కూడా లెక్కించారు. అక్కడి తెలంగాణ రాష్ట్ర సమితి 119లో 88 సీట్లతో తిరిగి వచ్చింది. ఆ గెలుపుకు వేరే కారణాలూ చాలా ఉన్నాయి గనుక పథకాలనే తూచి తీర్పు చెప్పడం తప్పవుతుంది. అయినా ఎన్నికల ఏడాదిలో రైతు చేతికి ముందే అందిన డబ్బుకూ, అమ్ముకున్నాక ఎప్పుడొస్తుందో తెలియని డబ్బుకూ ఉన్న తేడా మాత్రం కళ్ల ముందే ఉంది.

మంద్‌సౌర్ కాల్పులకు ఏడాది నిండిన రోజున, 2018 జూన్ 6న, రాహుల్ గాంధీ పిప్లియా మండీకే వచ్చి సభ పెట్టారు. కాంగ్రెస్ అధికారంలోకి వస్తే పది రోజుల్లో రుణమాఫీ చేస్తామన్నారు. ఆ ఒక్క హామీ ఎన్నికల మాటను మార్చేసింది. తెలుగు పాఠకులకు ఈ కథ కొత్త కాదు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో రుణమాఫీ హామీలు గెలుపులో పాలు పంచుకున్నాయి. విడతలవారీ చెల్లింపుల్లో రైతులు ఎన్నాళ్లు ఎదురుచూశారో కూడా మనకు తెలుసు.

కులం గీసిన గీతలు

2016 ఏప్రిల్‌లో పదోన్నతుల్లో రిజర్వేషన్ నిబంధనలను రాష్ట్ర హైకోర్టు కొట్టేసింది. జూన్‌లో భోపాల్‌లో దళిత, ఆదివాసీ ఉద్యోగుల సభలో మాట్లాడుతూ చౌహాన్, రిజర్వేషన్లను తీసేయగల ‘మాయీ కా లాల్’ ఎవడూ లేడన్నారు. ‘ఏ తల్లి కొడుకు వల్లా కాదు’ అని సవాలు విసిరేటప్పుడు వాడే మాట అది. సభలో చప్పట్లు పడ్డాయి. అగ్రవర్ణ, వెనుకబడిన వర్గాల ఉద్యోగుల్లో అది ముల్లులా దిగబడింది. వాళ్ల సంఘం సపాక్స్ ఉద్యమంగా మొదలై 2018లో రాజకీయ పార్టీ అయింది. దానికి సీటు ఒక్కటీ రాలేదు గాని ఆ ఎన్నికలో ఒక్కో చోట వెయ్యి ఓట్లకు కూడా విలువ ఉంది.

2018 మార్చి 20న ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టాన్ని సడలిస్తూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు నిరసనగా దళిత సంఘాలు ఏప్రిల్ 2న భారత్ బంద్ జరిపాయి. గ్వాలియర్, భిండ్, మొరేనా జిల్లాల్లో హింస చెలరేగి ప్రాణాలు పోయాయి, కర్ఫ్యూలు పెట్టారు. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని మళ్లీ పాత పదునుకు తెచ్చింది. సెప్టెంబరు 6న అగ్రవర్ణాలు బంద్ చేశాయి. అంటే ఆరు నెలల్లో ఒకే ప్రాంతంలో దళితులూ, సవర్ణులూ ఇద్దరూ అదే ప్రభుత్వం మీద కోపం తెచ్చుకున్నారు. ఒకరిని బుజ్జగిస్తే ఇంకొకరు అలుగుతారు. గ్వాలియర్-చంబల్‌లో ఫలితం ఎలా వచ్చిందో దీన్ని బట్టే అర్థం చేసుకోవాలి.

ప్రచారం

కాంగ్రెస్ పదిహేనేళ్లుగా ముఠాలుగా చీలి ఉన్న పార్టీ. 2018 ఏప్రిల్ 26న ఛింద్వాడా ఎంపీ కమల్‌నాథ్‌ను రాష్ట్ర అధ్యక్షుడిగా, జ్యోతిరాదిత్య సింధియాను ప్రచార సారథిగా నియమించింది. దిగ్విజయ్ సింగ్ అంతకు ముందే కాలినడకన నర్మదా పరిక్రమ పూర్తి చేశారు. 2017 సెప్టెంబరు 30న మొదలుపెట్టి 2018 ఏప్రిల్ 9న ముగించిన ఆ నడక దాదాపు 3,300 కిలోమీటర్లు. పార్టీ జెండా లేకుండా నడిచినా, నది ఒడ్డునున్న పల్లెల్లో పాత కార్యకర్తలను పేరుపేరునా పలకరించే అవకాశం ఆయనకు దొరికింది. తర్వాత జిల్లాల్లో ‘పంగత్ మే సంగత్’ పేరుతో పంక్తి భోజనాలు పెట్టించి, ఎడమొహం పెడమొహంగా ఉన్న నాయకులను ఒకే వరసలో విస్తరి ముందు కూర్చోబెట్టారు. టీవీల్లో పెద్దగా కనపడని ఈ పని కాంగ్రెస్‌కు చేసిన మేలు సభలకంటే ఎక్కువని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

చౌహాన్ జులై 14న ఉజ్జయిని నుంచి జన్ ఆశీర్వాద యాత్ర మొదలుపెట్టారు. కాంగ్రెస్ నినాదం ‘వక్త్ హై బద్‌లావ్ కా’, మార్పుకు వేళయిందని. బీజేపీ దానికి జవాబుగా ‘మాఫ్ కరో మహారాజ్, హమారా నేతా తో శివ్‌రాజ్’ అంది. సింధియా రాజవంశం మీద, కమల్‌నాథ్ సంపద మీద రైతుబిడ్డను నిలబెట్టే ప్రయత్నం అది. బీఎస్పీ అధినేత్రి మాయావతి అక్టోబరులో కాంగ్రెస్‌తో పొత్తు లేదని తేల్చేశారు. బీఎస్పీ విడిగా పోటీ చేసి 5 శాతం ఓట్లు తెచ్చుకుంది.

రెండు పార్టీలకూ రెబెల్స్ బెడద తప్పలేదు. టికెట్ రాని బీజేపీ మాజీ మంత్రి సర్తాజ్ సింగ్ కాంగ్రెస్‌లో చేరి హోషంగాబాద్‌లో పోటీ చేసి ఓడిపోయారు. చౌహాన్ బావమరిది సంజయ్ సింగ్ మసానీకి కాంగ్రెస్ వారాసివనీ టికెట్ ఇస్తే, అక్కడ కాంగ్రెస్ రెబెల్ ప్రదీప్ జైస్వాల్ స్వతంత్రుడిగా గెలిచారు. బీజేపీ వైపు రెబెల్స్ చేసిన నష్టం ఇంతకంటే చాలా పెద్దది.

ఒక పగలు, ఒక రాత్రి

డిసెంబరు 11న లెక్కింపు జరిగిన మిగతా రాష్ట్రాల్లో ఆ సాయంత్రానికి బొమ్మ తేలిపోయింది. ఛత్తీస్‌గఢ్‌లోనూ పదిహేనేళ్ల బీజేపీ ప్రభుత్వమే, రమణ్ సింగ్‌ది. అక్కడ కాంగ్రెస్ 90లో 68 గెలిచి దాన్ని ఊడ్చేసింది. మధ్యప్రదేశ్‌లో మాత్రం గంట గంటకూ ఆధిక్యాలు అటూ ఇటూ మారాయి. ఒకసారి కాంగ్రెస్ మేజిక్ ఫిగర్ 116 దాటుతుంది, అరగంటలో బీజేపీ ముందుకు వస్తుంది.

ఆలస్యానికి కారణం లెక్కింపు పద్ధతి. టేబుళ్ల మీద ఈవీఎం కంట్రోల్ యూనిట్లు పెట్టి, రౌండు ముగిశాక అన్ని టేబుళ్ల అంకెలు కూడి, ఆ పట్టికను రాతపూర్వకంగా ఏజెంట్లకు ఇచ్చాకే తర్వాతి రౌండుకు వెళ్లాలని ఆ రోజు నియమం పెట్టుకున్నారు. మామూలు ఎన్నికలో ఇది చాదస్తంలా కనపడుతుంది. వంద ఓట్ల తేడాతో సీటు తేలే చోట, ఏజెంటు చేతిలోని ఆ కాగితమే రేపటి గొడవను ఆపుతుంది. రాత్రంతా లెక్కపెట్టి తెల్లవారాక ఫలితం చెప్పిన సిబ్బంది పనికి ఈ వ్యాసంలో ఒక వాక్యమైనా దక్కాలి.

అర్ధరాత్రి ప్రాంతంలో కాంగ్రెస్ నాయకులు గవర్నర్ ఆనందీబెన్ పటేల్ అపాయింట్‌మెంట్ కోరారు. తుది ఫలితాలు వచ్చాకే కలుస్తానని ఆమె చెప్పారు. 12వ తేదీ ఉదయం మాయావతి కాంగ్రెస్‌కు మద్దతు ప్రకటించారు. ఎస్పీ, స్వతంత్రులు కలిసొచ్చారు. మొత్తం బలం 121కి చేరింది. చౌహాన్ ప్రభుత్వం ఏర్పాటుకు ప్రయత్నించకుండా, ఓటమి బాధ్యత తనదేనని చెప్పి రాజీనామా ఇచ్చేశారు. తమకే ఎక్కువ ఓట్లు వచ్చాయన్న సాకుతో బేరాలకు దిగకపోవడం ఆ రోజు ఆయన చేసిన మంచి పని.

ఎక్కడ గెలిచారు, ఎక్కడ ఓడారు

ఒకే రాష్ట్రంలో ఆరు ప్రాంతాలు ఆరు రకాలుగా ఓటేశాయి. గ్వాలియర్-చంబల్‌లోని 34 సీట్లలో 2013లో బీజేపీ 20 గెలిచింది. 2018లో 7కు పడిపోయింది. కాంగ్రెస్ 26 తీసుకుంది, భిండ్ బీఎస్పీకి పోయింది. పైన చెప్పిన రెండు బంద్‌ల కోపంతో పాటు, సింధియా ముఖ్యమంత్రి అవుతారన్న స్థానిక ఆశ ఇక్కడ బలంగా పనిచేసింది. మాల్వా-నిమాడ్‌లో 66 సీట్లు. 2013లో 56 గెలిచిన బీజేపీకి ఈసారి 28 వచ్చాయి, కాంగ్రెస్‌కు 35, స్వతంత్రులకు 3. సగానికి సగం పోయాయన్నమాట. సోయాబీన్ రైతుల ప్రాంతం ఇదే. మహాకోశల్‌లోని 38లో కాంగ్రెస్ 24 గెలిచింది. కమల్‌నాథ్ సొంత జిల్లా ఛింద్వాడాలో ఏడుకు ఏడూ దానివే.

బీజేపీని పోటీలో నిలబెట్టింది వింధ్య. అక్కడి 30లో 24 ఆ పార్టీకే. ప్రతిపక్ష నాయకుడు అజయ్ సింగ్ తన కంచుకోట చుర్హట్‌లో ఓడిపోయారు. భోపాల్ చుట్టూ ఉన్న 36లో బీజేపీకి 23, కాంగ్రెస్‌కు 13. బుందేల్‌ఖండ్‌లోని 26లో బీజేపీకి 14, కాంగ్రెస్‌కు 10, బీఎస్పీ, ఎస్పీలకు ఒక్కొక్కటి. పెద్ద నగరాల్లోని కొన్ని సీట్లలో బీజేపీ మెజారిటీలు కొండంత ఉన్నాయి. గెలిచిన చోట అవసరానికి మించి ఓట్లు, ఓడిన చోట చాలీచాలని ఓట్లు. ఓట్లలో ముందుండి సీట్లలో వెనకబడటానికి ఇదే కారణం.

ఆదివాసీలకు కేటాయించిన 47 సీట్లు అసలు నిర్ణయాత్మకమైనవి. 2013లో వాటిలో 31 బీజేపీవి, 15 కాంగ్రెస్‌వి. 2018లో అంకెలు దాదాపు తిరగబడ్డాయి: కాంగ్రెస్‌కు 30, బీజేపీకి 16, స్వతంత్రుడికి 1. అటవీ హక్కుల మీద, స్థానిక ఉద్యోగాల మీద మాట్లాడిన ఆదివాసీ యువజన సంస్థ జయస్ ప్రభావం నిమాడ్‌లో కనపడింది. దాని నాయకుడు, వైద్యుడు హీరాలాల్ అలావా కాంగ్రెస్ టికెట్‌పై మనావర్ నుంచి గెలిచారు.

మంద్‌సౌర్ సంగతి మాత్రం అనుకున్నదానికి అడ్డంగా వచ్చింది. కాల్పులు జరిగిన ఆ జిల్లాలోని నాలుగు సీట్లలో మూడు బీజేపీయే గెలిచింది. పిప్లియా మండీ ఉన్న మల్హార్‌గఢ్ కూడా అందులో ఉంది. నాలుగోదైన సువాస్రాలో కాంగ్రెస్ అభ్యర్థి హర్దీప్ సింగ్ డంగ్ 350 ఓట్లతో గట్టెక్కారు. రైతుల మరణాలు రాష్ట్రమంతటా మాట్లాడించాయి గాని ఆ గడ్డ మీద పాత పార్టీ విధేయతలను మార్చలేదు. ఉద్యమం పుట్టిన చోటే ఓటు కూడా మారుతుందనే లెక్క ఇక్కడ తప్పింది.

ఏడు సీట్లు, 4,337 ఓట్లు

వెయ్యి లోపు తేడాతో తేలిన సీట్లు పది. బీజేపీ మూడు గెలిచింది, కాంగ్రెస్ ఏడు. ఆ ఏడూ, మెజారిటీలూ ఇవి: గ్వాలియర్ దక్షిణ 121, సువాస్రా 350, జబల్‌పూర్ ఉత్తర 578, రాజ్‌నగర్ 732, దమోహ్ 798, బ్యావరా 826, రాజ్‌పూర్ 932. అన్నీ కలిపితే 4,337 ఓట్లు. బీజేపీకి మెజారిటీకి తక్కువ పడినవి కూడా సరిగ్గా ఏడు సీట్లే.

గ్వాలియర్ దక్షిణను దగ్గరగా చూద్దాం. మంత్రి నారాయణ్ సింగ్ కుష్వాహాకు 56,248 ఓట్లు, కాంగ్రెస్ యువ అభ్యర్థి ప్రవీణ్ పాఠక్‌కు 56,369. అదే నగరానికి మేయరుగా పనిచేసిన బీజేపీ నాయకురాలు సమీక్షా గుప్తా టికెట్ రాక స్వతంత్రురాలిగా నిలబడి 30 వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నారు. నోటాకు పడినవి 1,550. ఎవరికీ వెయ్యమని మీట నొక్కినవాళ్లు, గెలుపోటముల తేడాకు పన్నెండు రెట్లు.

దమోహ్‌లో ఓడింది ఆర్థిక మంత్రి జయంత్ మలయ్యా. ఆ సీటును దశాబ్దాలుగా ఏలిన పెద్దమనిషి, కాంగ్రెస్ యువకుడు రాహుల్ సింగ్ చేతిలో 798 ఓట్లతో ఓడారు. బీజేపీపై తిరుగుబాటు చేసిన మాజీ ఎంపీ రామకృష్ణ కుస్మారియా అక్కడ తెచ్చుకున్న ఓట్లు అంతకంటే ఎక్కువ. జబల్‌పూర్ ఉత్తరలో మంత్రి శరద్ జైన్‌ది కూడా ఇదే కథ: బీజేపీ యువజన నాయకుడొకరు రెబెల్‌గా దిగి వేల ఓట్లు చీల్చారు. మొత్తం 13 మంది మంత్రులు ఓడిపోయారు. సొంత ఇంటివాళ్లను ఒప్పించలేకపోవడమే ఈ ప్రభుత్వాన్ని దించిందని గట్టిగా చెప్పవచ్చు. కాంగ్రెస్ విస్తళ్లు వేసి కూర్చోబెట్టిన రోజుల్లో బీజేపీ తనవాళ్ల ఇళ్ల తలుపులు తట్టలేదు.

పదిహేను నెలల ప్రభుత్వం

సింధియాను కాదని కాంగ్రెస్ అధిష్ఠానం కమల్‌నాథ్‌ను ఎంచుకుంది. డిసెంబరు 17న భోపాల్ జంబూరీ మైదానంలో ఆయన ప్రమాణం చేసి, ఆ పూటే రెండు లక్షల రూపాయల దాకా పంట రుణాల మాఫీ ఫైలు మీద సంతకం చేశారు. అమలు విడతల్లో పడింది. తర్వాత వచ్చిన బీజేపీ ప్రభుత్వమే 2020 సెప్టెంబరులో శాసనసభకు ఇచ్చిన జవాబులో సుమారు 27 లక్షల మంది రైతులకు మాఫీ అందిందని ఒప్పుకుంది. మాఫీయే జరగలేదన్న ప్రచారం అబద్ధం. అందరికీ అందిందన్న మాటా నిజం కాదు.

ఆరు నెలలు తిరక్కుండానే 2019 లోక్‌సభ ఎన్నికల్లో 29 స్థానాల్లో 28 బీజేపీ గెలిచింది. కాంగ్రెస్‌కు ఛింద్వాడా ఒక్కటే మిగిలింది. గుణలో సింధియా కూడా ఓడిపోయారు. 2020 మార్చిలో ఆయన పార్టీ వీడి బీజేపీలో చేరారు. 22 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు రాజీనామా చేశారు. వారిలో ఎక్కువమంది బెంగళూరు రిసార్టులో ఉండి రాజీనామాలు పంపారు, ఎక్కువమందిది గ్వాలియర్-చంబలే. ఆ 22 మందిలో 350 ఓట్లతో గెలిచిన సువాస్రా ఎమ్మెల్యే కూడా ఉన్నారు. బలపరీక్ష జరపాలని సుప్రీంకోర్టు మార్చి 19న ఆదేశించింది. మర్నాడు, పరీక్షకు ముందే, కమల్‌నాథ్ రాజీనామా చేశారు. మార్చి 23 రాత్రి చౌహాన్ నాలుగోసారి ముఖ్యమంత్రి అయ్యారు.

ఫిరాయింపుల నిరోధక చట్టానికి చిక్కకుండా రాజీనామా చేసి, ఉపఎన్నికలో అవతలి పార్టీ గుర్తు మీద నిలబడే దారి ఇక్కడ బాగా పనిచేసింది. మూడు కోట్ల ఎనభై లక్షలకు పైగా ఓట్లు తేల్చిన తీర్పును 22 సంతకాలు మార్చేశాయి. ఓటేసిన మనిషికి ఇందులో జరిగింది అన్యాయమేనని రాయడానికి ఏ పార్టీ పక్షమూ వహించనక్కర్లేదు. అదే సంవత్సరం నవంబరులో, ఆ 22తో కలిపి ఖాళీ అయిన 28 స్థానాలకు ఉపఎన్నికలు జరిగితే 19 బీజేపీ, 9 కాంగ్రెస్ గెలిచాయి. సువాస్రాలో అదే డంగ్ ఈసారి బీజేపీ అభ్యర్థిగా 29 వేలకు పైగా మెజారిటీ తెచ్చుకున్నారు. దమోహ్ ఓటర్లు మాత్రం ఊరుకోలేదు. కాంగ్రెస్ నుంచి బీజేపీకి మారిన రాహుల్ సింగ్‌ను 2021 ఉపఎన్నికలో 17 వేల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడించారు.

2023 డిసెంబరులో వెలువడిన ఫలితాల్లో బీజేపీ 163 సీట్లు, 48.55 శాతం ఓట్లతో పూర్తి ఆధిక్యం సాధించింది. మహిళల ఖాతాల్లో నెలనెలా డబ్బు వేసే లాడ్లీ బహనా పథకం దీనికి ఊపునిచ్చింది. కాంగ్రెస్ 66 సీట్లకు పడిపోయింది గాని దాని ఓట్లు 40.40 శాతం, అంటే 2018లో గెలిచినప్పటి కంటే అర శాతమే తక్కువ. ముఖ్యమంత్రి పదవి చౌహాన్‌కు కాక మోహన్ యాదవ్‌కు దక్కింది. దమోహ్‌లో జయంత్ మలయ్యా భారీ మెజారిటీతో తిరిగి వచ్చారు. గ్వాలియర్ దక్షిణలో మళ్లీ నారాయణ్ సింగ్ కుష్వాహా, ప్రవీణ్ పాఠక్‌లే తలపడ్డారు. ఈసారి కుష్వాహా గెలిచారు, 2,536 ఓట్ల తేడాతో.